ట్యూలిప్ మడుల కాపలా రిజిస్టరు

మా తోటకు వచ్చిన యూరప్ నిపుణుడు గల్ఫ్ యుద్ధం మొదలు కాకముందే విమానమెక్కి వెళ్లిపోయాడు. పోతూ పోతూ మూడు పేజీల టైపు కాగితాలు నా బల్ల మీద పెట్టి, వాటిలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తే వసంతానికి ఒక్క దుంప కూడా నష్టపోదని హామీ ఇచ్చాడు. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. గౌరవంతో దాచుకున్నానని ఎవరూ అనుకోవద్దు. అంత నిండైన తెలివితక్కువతనం అంత పొందికైన టైపులో నాకు మళ్లీ దొరకదన్న భయంతో దాచాను.

తోట సౌదీ అరేబియాలోని తబూక్ నగరానికి కారులో అరగంట దూరం. గోధుమ పొలాలు, పండ్ల చెట్లు, గులాబీలు పెంచే అద్దాల షెడ్లు ఉండేవి. నేను అక్కడ తొమ్మిదేళ్లుగా పొలం రిజిస్టర్లు రాసేవాణ్ణి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టారు, ఏ మందు ఎంత కొట్టారు, ఏ విత్తనం ఏ రోజున మొలిచింది అన్నవి ఇంగ్లీషులో రిజిస్టరుకెక్కించి, సాయంత్రం నా సొంత నోట్‌బుక్కులో తెలుగులో మరోసారి రాసుకునేవాణ్ణి. రెండుసార్లు రాయడం దేనికని నన్ను వెక్కిరించినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఇవాళ తాము ఆ ఏడాది ఏం చేశారో చెప్పగల జ్ఞాపకశక్తి ఉందా అని అడగదలచుకున్నాను. ఈ రాస్తున్నదంతా ఆ నోట్‌బుక్కు చూసి రాస్తున్నదే.

ఆ శీతాకాలం తోట యజమానికి ఒక ముచ్చట పుట్టింది. అతిథి గృహం ముందు ఆరు మడులు కట్టించి, ట్యూలిప్ దుంపలు తెప్పించి నాటించాలి, వసంతంలో తన అతిథులు ఎర్రని పూల మధ్య కాఫీ తాగాలి. నాలుగు వేల దుంపలు చెక్కపెట్టెల్లో దిగాయి, నాటేదాకా వాటిని తోటలోని చల్లని గదిలో ఉంచారు. ఉల్లిపాయంత ఉన్నాయి, వాటి పొర కూడా ఉల్లిపొర లాగే ఉంది. కువైట్ అప్పటికే ఆక్రమణలో ఉంది. మా తలల మీదుగా సైనిక స్థావరానికి విమానాలు పగలంతా వస్తూనే ఉన్నాయి. వాటి హోరుకు అద్దాల షెడ్లు పళ్లు కొరికినట్టు కిటకిటలాడేవి. ప్రపంచం అంత పనిలో ఉండగా మేము గుంతకు ఒకటి చొప్పున దుంపలు పాతుకుంటూ కూర్చున్నాం.

ఇక నిపుణుడి కాగితాల సంగతి. మొదటి పేజీ ఉడతలకు. మిరప్పొడి చల్లాలన్నాడు. తబూక్‌లో ఉడత ఉందా అని నేను మేనేజరును అడిగాను. మేనేజరు వేరే అరబ్బు దేశం నుంచి వచ్చినవాడు, మెడలో టై లేకుండా పొలంలోకి అడుగు పెట్టేవాడు కాదు. "కాగితంలో ఉంది కదా" అన్నాడు. బజారు నుంచి నాలుగు కిలోల మిరప్పొడి తెచ్చి చల్లించాం. పది నిమిషాల్లో గాలి తిరిగింది. చల్లుతున్న కూలీ పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చి, సిబ్బందికి పంచిన విషవాయు ముసుగు ఒకటి తగిలించుకుని వెళ్లి మిగతా పొడి చల్లాడు. ఆ యుద్ధం మొత్తంలో మా తోటలో ముసుగు పనికొచ్చిన సందర్భం అదొక్కటే.

రెండో పేజీ జింకలకు. వాసన గట్టిగా ఉన్న స్నానపు సబ్బులను కర్రలకు వేలాడదీయాలట. తబూక్ చుట్టుపక్కల తొమ్మిదేళ్లలో నేను చూసిన ఏకైక జింక ఒక బ్యాంకు క్యాలెండరు మీద ఉంది. ఇరవై నాలుగు సబ్బులు వేలాడదీశాం. మూడో రోజుకు పదకొండు మిగిలాయి. మిగతావి జింకలు పట్టుకుపోలేదని లేబర్ క్యాంపు స్నానాల గది దగ్గరికి వెళ్లి ముక్కుతో నిర్ధారించుకున్నాను. ఇవి కాక దుంప కింద ఎముకల పొడి వేయాలని ఉంది. వేశాం. ఆ వాసనకు ఊరకుక్కలు వచ్చి మూడో మడిని రెండు రోజుల్లో తవ్వి పోశాయి. దుంపలను అవి ముట్టలేదు, పక్కకు తోసి పోయాయి. నిపుణుడి సలహాల్లో నిజంగా ఫలితమిచ్చింది అదొక్కటే, కుక్కల పక్షాన.

యుద్ధం మొదలైన వారానికి సగం మంది కూలీలు జెద్దా దారి పట్టారు. ఉన్నవాళ్లు కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు, టేపులు అంటించుకుని కూర్చున్నారు. మడుల కాపలాకు ఒక్క మనిషి మిగిలాడు. మెట్‌పల్లి వైపువాడు, నలభై ఏళ్లుంటాయి, బక్కపలచని మనిషి. తోటలో అతని నంబరు నూట పధ్నాలుగు. అందరూ ఆ నంబరుతోనే పిలిచేవారు, నేనూ అలాగే రాసేవాణ్ణి. మూడేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. సెలవు అడిగి, ఆ కాగితం మేనేజరు సంతకం కోసం ఆఫీసులో పడి ఉంది. పాస్‌పోర్టు మేనేజరు బీరువాలో ఉంది. ఆ సంతకం సంగతి కనుక్కోవడానికే అతను రోజూ నా గదికి వచ్చేవాడు.

"సారు, సంతకమయ్యిందా?"

"కాలేదు. యుద్ధంలో అందరూ ఇంటికి పోతామంటే తోట ఎవరు చూస్తారంటున్నాడు."

"నేను బాంబులకు భయపడి పోతలేను సారు. పసుపు తవ్వాలె. ఇంకో నెల దాటితే భూమిలనే మళ్ల మొలకొస్తది. తవ్వుడు, ఉడకవెట్టుడు, ఎండబోసుడు, మా ఆమె ఒక్కతే ఎట్ల జేస్తది? కూలోళ్లు దొరుకుతలేరని ఉత్తరం రాసింది."

"మీ అన్నదమ్ములు లేరా?"

"ఉన్నరు. ఆళ్ల పసుపు ఆళ్లకున్నది గద సారు."

అతనికి రెండెకరాల పసుపు నేలలో ఉంది. ఇక్కడ మరొకడి పూల దుంపలకు కాపలా కాస్తున్నాడు. ఈ ఏర్పాటులోని వెక్కిరింత మేనేజరుకు తట్టే విషయం కాదు. నాకు తట్టింది గాని, తట్టినంత మాత్రాన నేను చేసిన గొప్ప పనేమీ లేదు. చేసిన చెడ్డ పని ఏమిటో చెబుతాను.

కుక్కలను కంచె వేసి ఆపిన తరువాత కూడా దుంపలు పోవడం ఆగలేదు. రోజుకు పది, ఒక్కోరోజు ఇరవై. పొద్దున చూస్తే గుండ్రని చిన్న గుంత, పక్కన గుప్పెడు మట్టి, దుంప లేదు. కొరికిన ముక్కలు లేవు, పొట్టు లేదు. ఎత్తుకుపోయినట్టుంది. నేను రోజూ లెక్కించి రిజిస్టరులో రాశాను. ఆ రిజిస్టరు పట్టిక మేనేజరు స్వయంగా గీసినది. అందులో చివరి గడి పేరు "నష్టానికి బాధ్యులు". ఏ గడీ ఖాళీగా ఉండరాదని అతని నియమం. దొంగ ఎవరో నాకు తెలియదు. తెలియదని రాయడానికి ఆ పట్టికలో వీల్లేదు. కాబట్టి ఆ రోజు కాపలాలో ఎవరుంటే వారి నంబరు రాశాను. పందొమ్మిది రోజులు వరుసగా, అందమైన చేతిరాతతో, నూట పధ్నాలుగు, నూట పధ్నాలుగు, నూట పధ్నాలుగు. గడి నింపాలన్న పట్టుదలలో నేను ఏం నింపుతున్నానో ఆలోచించలేదు. ఇంత వయసు వచ్చాక ఆ రాతను సమర్థించుకోబోవడం లేదు.

ఇరవయ్యో రోజున మేనేజరు రిజిస్టరు చూశాడు. "ఈ నూట పధ్నాలుగు మంచి వ్యాపారం పెట్టాడు" అన్నాడు.

"అతను కాపలావాడు. దొంగ అని నేను రాయలేదు" అన్నాను.

"బాధ్యుడు అని రాశావు. మూడు వందల దుంపలకు బాధ్యుడు. ఇతనికి సెలవా?"

సెలవు కాగితాన్ని అడుగు సొరుగులో పడేశాడు. ఆ మాట నూట పధ్నాలుగుకు నేనే చెప్పాల్సి వచ్చింది. అతను కోపగించుకోలేదు. నా రిజిస్టరు వైపు చూశాడు.

"మీరే రాసిండ్రా సారు?"

"గడి ఖాళీ పెట్టకూడదని నియమం."

"గట్లనా" అన్నాడు. "అయితే దుంపలు పోకుంట జూస్తే సంతకం వెడ్తడా?" అని అడిగాడు.

"పెట్టవచ్చు."

"నేను జూసుకుంట. గీ దుంపలేంది, మా పసుపు కొమ్ములేంది, రెండు ఒక్కతీర్గనే. మా దిక్కు పందులొచ్చి పసుపు చేన్లు తవ్వుతయ్. మేం మంగలి షాపుకాడ ఎంటికలు తెచ్చి గట్ల పొంటి ఏస్తం. పంది మూతి పెడ్తే ఎంటికలు ముక్కులకు పోతయ్. ఇగ మళ్ల రాదు."

"ఏమయ్యా, తబూక్‌లో పందులెక్కడివి?"

"పందే భయపడ్తది, ఎలుక భయపడదా సారు?"

ఇతనికీ నిపుణుడికీ తేడా లేదనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. మరునాడు నీళ్ల ట్యాంకరుతో పాటు నగరానికి వెళ్లి, ఒక మంగలి దుకాణంలో ఊడ్చిన వెంట్రుకలు రెండు గోనె సంచుల నిండా పట్టుకొచ్చాడు. క్యాంపులోని తోటి తెలుగువాళ్లు ఊరుకుంటారా?

"ఏందిరో, మూడేండ్ల తర్వాత ఇంటికి పోతున్నవని పెండ్లానికి సవరాలు కొంటపోతున్నవా?"

"నీ బట్టతల మీద నాటుత, దా. పంట మంచిగొస్తది."

తబూక్ గాలికి వెంట్రుకలు నిలవవు. మొదటి రోజు చల్లినవి మధ్యాహ్నానికి అతిథి గృహం మెట్ల మీద కనిపించాయి. అందుకని అతను పాత ఎర్ర లుంగీ ఒకటి చించి, నలభై పేలికలు చేసి, ఒక్కోదానిలో గుప్పెడు వెంట్రుకలు పెట్టి, దారంతో మూడేసి ముళ్లు వేసి, సగం నేలలోకి సగం పైకి కనిపించేలా ఆరు మడుల చుట్టూ పాతాడు. మెట్‌పల్లిలో ఏ రైతు చూసినా గాలికి జాగ్రత్త తీసుకున్నాడని మెచ్చుకునేవాడు. నేను మాత్రం రిజిస్టరులో ఆనాటి తేదీకి ఎదురుగా ఇలా రాశాను: మనుషుల వెంట్రుకలు రెండు సంచులు, నలభై మూటలు, మడుల చుట్టూ పాతినవాడు నూట పధ్నాలుగు. ఉద్దేశం: అడవిపందుల నివారణ. వ్యాఖ్య: తబూక్‌లో అడవిపందులు లేవు, వ్యర్థం. ఆ చివరి మాట రాసి నాలో నేను నవ్వుకున్నానని నోట్‌బుక్కులో ఉంది. అతని తెలివిని గేలి చేయడానికి ప్రభుత్వ దస్తావేజులా రాసిపెట్టాను.

నాలుగో రోజు ఉదయం పది గంటలకు మేనేజరు మడుల మధ్య నడుస్తూ బూటు ముందు ఒక ఎర్రని మూట చూశాడు. వంగి తీశాడు. దారం ముళ్లు విప్పాడు. లోపల నల్లని, తెల్లని, గోరింట రంగు వెంట్రుకలు చూసి, కాలినట్టు చేతిలోంచి జారవిడిచి వెనక్కి గెంతాడు. ఆ దేశంలో వెంట్రుకలు, ముళ్లు, పాతిపెట్టడం, ఈ మూడూ ఒకచోట చేరితే దానికి ఒకే అర్థం. చేతబడి. అది నవ్వులాట కాదు, నేరం. మా మెట్‌పల్లి మనిషి తన యజమాని అతిథి గృహం చుట్టూ నలభై చోట్ల చేతబడి పాతినవాడయ్యాడు. తొమ్మిదేళ్లుగా అక్కడ ఉన్న నాకు ఆ సంగతి ముందే తట్టవలసింది. నాకు పందుల మీద వెటకారమే తట్టింది.

నన్ను పిలిపించాడు. రిజిస్టరు కూడా తెమ్మన్నాడు. నూట పధ్నాలుగు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. మేనేజరు రిజిస్టరు లాక్కుని ఆనాటి పేజీ చదివాడు.

"మనుషుల వెంట్రుకలు. నలభై. ఇతనే పాతాడు. నువ్వే రాశావు. ఇదేమిటి? పందా? ఈ ఇంటి ముందు పంది పేరుతోనా?"

"పందులను తరమడానికి వాళ్ల ఊళ్లో చేసే పద్ధతి. ఇందులో మంత్రం లేదు, తంత్రం లేదు."

"అది ముతవ్వాలకు చెప్పుకోండి" అన్నాడు. ముతవ్వాలంటే మత పోలీసులు. ఆ ఒక్క మాట నూట పధ్నాలుగుకు అర్థమైంది.

"సారు, ఈనకు చెప్పుండ్రి సారు. గాలికి పోతయని ముళ్లేసిన. ఇంకేం లేదు. నాకేం మంత్రాలు రావు."

అప్పుడు నిపుణుడి మూడో పేజీ నాకు గుర్తొచ్చింది. అంతవరకు దానిని అమలు చేసే తీరిక మాకు కలగలేదు. పరుగున ఆఫీసుకు వెళ్లి తెచ్చాను. ఏడో సూచన: మనుషుల వెంట్రుకలను పాత మేజోళ్లలో నింపి, ముడివేసి, మడుల చుట్టూ ఉంచవలెను. మేనేజరు ముఖం ముందు పెట్టాను.

"మీరు జీతమిచ్చి తెప్పించుకున్న నిపుణుడు రాసినదే ఇతను చేశాడు. మేజోడుకు బదులు లుంగీ. అంతే తేడా."

చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఖబీర్ రాసింది సైన్సు" అన్నాడు. ఖబీర్ అంటే నిపుణుడు. "ఇతనికి ఇంగ్లీషు రాదు. ఈ కాగితం ఇతను చదవలేదు. కాబట్టి ఇతను చేసింది సైన్సు కాదు."

ఇంత నిర్దుష్టమైన మూర్ఖత్వాన్ని నేను నా ఉద్యోగ జీవితంలో మరెక్కడా ఎదుర్కోలేదు.

మా అరుపులకు అతిథి గృహంలోంచి యజమాని తండ్రి బయటికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ఒంటెలు మేపినవాడు. కొడుకు తోట పెట్టి ధనవంతుడయ్యాక కూడా ఆయన కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. కర్ర ఆనించుకుని నేల మీద గొంతుక్కూర్చుని, మేనేజరు జారవిడిచిన మూటను ఆ కర్ర కొసతో కదిపాడు. మేనేజరు వంగి చేతబడి సంగతి గంభీరంగా విన్నవించాడు. ముసలాయన వినలేదు, నూట పధ్నాలుగు వైపు గడ్డం ఎత్తి ఏమిటిదని అడిగాడు.

అతను మూడేళ్లలో నేర్చుకున్న అరబ్బీ మొత్తం ఒకచోట పోగుచేశాడు. "బాబా, ఫార్ అలీ బాబా. కుల్లు దుంప అక్ల్. హాదా రీహా, ఫార్ రూహ్." ఎలుక దొంగ, దుంపలన్నీ తింటోంది, ఈ వాసనకు ఎలుక పోతుంది అని చెప్పబోయాడు. తెలుగు దుంపను కూడా అరబ్బీలో కలిపేశాడు.

ముసలాయనకు నవ్వాగలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తరువాత లేచి ఆరో మడి అంచున నడవడం మొదలుపెట్టాడు. మేము వెనక నడిచాం. ఒకచోట ఆగి కర్రతో చూపించాడు. అక్కడ పాతిన మూట లేదు, చిన్న గుంత ఉంది. ఇంకోచోట మూట చిరిగి ఉంది, లోపల వెంట్రుకలు లేవు. పందొమ్మిది రోజులు లెక్క రాసిన నేను, నాలుగు రోజులుగా మూటలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టలేదు.

మడుల అవతల ఇసుక ఆపడానికి నాటిన చెట్ల వరుస ఉంది. ముసలాయన అక్కడ నేలను చాలాసేపు చూశాడు. మాకు ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. ఒకచోట కర్ర గుచ్చితే మెత్తగా దిగింది. "జర్బూ" అన్నాడు. ఎడారి ఎలుకను అక్కడివాళ్లు అలాగే అంటారు. బయటికి పోయేటప్పుడు వాకిలి ఇసుకతో మూసి పోతుందట. తవ్వమన్నాడు.

నూట పధ్నాలుగు పార తీసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పసుపు కొమ్ము విరగకుండా తీసేవాడిలా చేతులతో తవ్వాడు. మోచేతి దాకా దిగింది, భుజం దాకా దిగింది. ముందు ఎర్ర పేలిక వచ్చింది. తరువాత వెంట్రుకలు, పరుపులా మెత్తగా ఒత్తి ఉన్నాయి. వాటి పక్క గదిలో ట్యూలిప్ దుంపలు, మొన పైకి పెట్టి, ఒకదాని పక్కన ఒకటి, వరుసలుగా. చల్లగా, పొడిగా, ఒక్కదానికీ బూజు లేదు.

"అరె, దీని తల్లి! పక్కేసుకున్నది సారు" అన్నాడు నూట పధ్నాలుగు, చెయ్యి లోపలే ఉండగా.

ముసలాయన ఒక దుంప తీసి పొట్టు ఒలిచి వాసన చూశాడు. తన చిన్నప్పుడు మంచి వానలు పడ్డ ఏడాది కొండ మీద ఇలాంటివి మొలిచేవట, జర్బూ కంటే ముందు తాము తవ్వుకుని తినేవారట. ఇవి మందులో ముంచినవి, నోట పెట్టకూడదని నేను గట్టిగా చెప్పాను. పారేశాడు. మేనేజరు వైపు తిరిగి, "నీ చల్లని గదిలోకన్నా ఇది బాగా దాచింది. దీనికి జీతమివ్వు" అని చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

నేను అక్కడే ఇసుకలో కూర్చుని లెక్కపెట్టాను. ఆ కన్నంలో నూట ఎనభై ఆరు. మధ్యాహ్నానికి మరో కన్నం దొరికింది, అందులో తొంభై ఏడు. మొత్తం పోయినవి మూడు వందల పదకొండు. మిగిలిన ఇరవై ఎనిమిదీ ఎలుక కడుపులోకే పోయి ఉంటాయని, దానికి ఆ మాత్రం కూలి న్యాయమేనని నోట్‌బుక్కులో రాశాను.

చేతబడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మూటలన్నీ మేనేజరు తగలబెట్టించాడు, ఆ పొగకు ముక్కు మూసుకుని దూరంగా నిలబడి. కానీ సెలవు కాగితం అడుగు సొరుగులోంచి కదలలేదు. మూడు రోజులు చూసి నేను అడిగాను.

"రిజిస్టరులో అతనే బాధ్యుడని ఉంది కదా. రిజిస్టరు మారదు" అన్నాడు.

"మారదు. దిద్దుబాటు ఉంటుంది."

"నువ్వే రాశావు."

"నేనే రాశాను. నేనే కొట్టేస్తాను."

అతని బల్ల మీదే రిజిస్టరు తెరిచాను. పందొమ్మిది గడుల్లో నూట పధ్నాలుగు అన్న అంకెను ఎర్ర సిరాతో, కింది రాత కనిపించేలా ఒక్కొక్క గీతతో కొట్టి, పైన జర్బూ అని రాసి, ప్రతి గడి పక్కనా పూర్తి సంతకం చేశాను. అతని నియమం ప్రకారం ఒక్క గడీ ఖాళీ లేదు. తొమ్మిదేళ్లలో నా రిజిస్టరులో కొట్టివేతలు ఉన్న పేజీలు అవే. సంతకాలు చేస్తుంటే నా చేతికి చాలా కష్టమైందని ఒప్పుకుంటాను. నూట పధ్నాలుగుకు క్షమాపణ చెప్పడం అంతకంటే కష్టం కాబట్టి అది చేయలేదు.

మేనేజరు చివరికి ఒక షరతు పెట్టాడు. అక్కడ అది మామూలే. సెలవు మీద పోయేవాడు తిరిగి రాకపోతే, హామీ సంతకం చేసినవాడి పాస్‌పోర్టు బీరువా దాటదు. "నీకు అంత నమ్మకముంటే నువ్వే చెయ్యి" అన్నాడు, చెయ్యనని తెలిసినట్టు. కలం ఎలాగూ చేతిలోనే ఉంది. చేశాను.

తబూక్ విమానాశ్రయం యుద్ధ విమానాలకే సరిపోయింది. నూట పధ్నాలుగు బస్సులో జెద్దా వెళ్లి అక్కడ విమానమెక్కాలి. బస్సు దగ్గర నేను అతనికి మూడు సూచనలు ఇచ్చాను: అరవై రోజులు మించకూడదు, చేరగానే ఉత్తరం రాయాలి, తిరుగు టిక్కెట్టు పోగొట్టకూడదు. అతను తలూపుతూనే బస్సు తలుపు వైపు చూస్తున్నాడు. యుద్ధం ఆ వారంలోనే ముగిసింది.

వసంతంలో ట్యూలిప్‌లు పూశాయి. నా లెక్క ప్రకారం రెండు వేల తొమ్మిది వందల చిల్లర. ఎర్రగా, నిటారుగా, కవాతుకు నిలబడినట్టు. అయిదో రోజు వేడిగాలి వీచింది. తొమ్మిదో రోజుకు రేకలు రాలి కాడలు మిగిలాయి. అతిథులు రెండు సాయంత్రాలు వచ్చి కాఫీ తాగి వెళ్లారు. అందులో ఒకాయన ఇవి ప్లాస్టిక్ పూలా అని అడిగాడు. తరువాతి ఏడాదికి ఏం చేయాలో నేనే ఒక పేజీ రాసి పెట్టాను: మడి అడుగున, పక్కలా సన్నకన్ను తీగవల పరచడం, దుంప చుట్టూ గులకరాళ్లు పోయడం, చెట్ల వరుసలో వారానికోసారి కర్రతో కన్నాలు వెతికించడం. ఉడత ప్రస్తావన ఎక్కడా లేదు. మేనేజరు దాన్ని నిపుణుడికి పంపి అభిప్రాయం అడిగాడు.

అరవై రోజులు గడిచాయి. ఉత్తరం లేదు, మనిషి లేడు. డెబ్భై, ఎనభై. మేనేజరు రోజూ నా గది గుమ్మంలో ఆగి, "నీ సైంటిస్టు ఎక్కడ?" అని అడిగి వెళ్లేవాడు. క్యాంపులోవాళ్లు, "ఖల్లీ వల్లీ సారు, ఇడిసిపెట్టుండ్రి, ఇగ రాడు, మీరు ఈడనే ఇల్లు కట్టుకోండ్రి" అని నన్ను ఓదార్చేవారు. నేను మెట్‌పల్లి అడ్రసుకు నాలుగు ఉత్తరాలు రాశాను. వాటి నకళ్లు ఉన్నాయి. మొదటిది మర్యాదగా ఉంది. నాలుగోది ఎవరికీ చూపించలేను.

నూట ఇరవై రెండో రోజున నీళ్ల ట్యాంకరులోంచి దిగాడు. ఎండకు మాడి, మరింత బక్కచిక్కి, రెండు చేతుల గోళ్లూ పసుపు పచ్చగా ఉన్నాయి. నా గది గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అరవై రోజులన్నాను."

"అన్నరు సారు."

"నా పాస్‌పోర్టు ఎక్కడుందో తెలుసా? నాలుగు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికి జవాబు లేదు. మనిషివా, జర్బూవా?"

"నాకు రాయరాదు సారు. రాపిద్దమంటే రాసేటోళ్లు దొరకలే, అందరు చేన్లనే ఉన్నరు."

"తవ్వావా?"

"తవ్విన. నేను పోయేటాళ్లకు మా ఆమె అర్ధెకరం తవ్వింది, చేతులన్నీ పుండ్లు. మిగిలింది ఇద్దరం గల్సి తవ్వినం. ఉడకవెట్టినం. ఎండబోసినం, రెండో నాడే వాన వడ్డది. మళ్ల ఎత్తుడు, మళ్ల ఆరబోసుడు. గట్ల మూడుమార్లు. ఎండని పసుపు ఇడిసి ఎట్ల రావాలె సారు? నన్ను దొంగ అనుకున్నా సరే అనుకున్న."

కోపంతోనే సొరుగు తెరిచాను. అతను నా చేతి వైపు చూస్తున్నాడు. బయటికి తీసింది తోట రిజిస్టరు కాదు, నా తెలుగు నోట్‌బుక్కు.

"కూర్చో. మడులు ఎన్ని?"

"మా దిక్కు మడులు గాదు సారు, బోదెలు."

"బోదెలు. ఎన్ని? పందులు ఎంత తిన్నాయి? ఎండింది మొత్తం ఎన్ని రోజులు?"

"వాన వడ్డ దినాలు గూడ లెక్కవెట్టాల్నా?"

"పెట్టాలి."

అతను కూర్చుని, పసుపు అంటిన వేళ్లు ఒక్కొక్కటీ మడవడం మొదలుపెట్టాడు.